అమ్మమ్మ ఎముకలకు చోటు

అన్యాయం జరిగింది ఎవరికి? మా అమ్మమ్మ డ్రిమ్సిబాన్‌కు. చేసిందెవరు? ఆమె సొంత మేనమామ. ఎలా? ఒక్క మాటతో.

మా ఖాసీ కొండల్లో ఇల్లూ, పెద్దల ఎముకల బాధ్యతా ఆఖరి కూతురివి. ఇంటిపేరు తల్లిది. మహాభూకంపం వచ్చిన ఏడు డ్రిమ్సిబాన్ పుట్టింది. ఆ ఏడే తల్లి రాళ్ల కింద పోయింది. అక్క థెయ్‌లిన్ ఆమెను పెంచింది. మేనమామ నారింజతోట అమ్మజూస్తే పద్దెనిమిదేళ్ల డ్రిమ్సిబాన్ ఒప్పుకోలేదు. ఆ నెలలోనే మేనమామ ఊరి సభలో లేచి, ఆమె తమ రక్తం కాదనీ, భూకంపం నాడు మైదానం దారిలో దొరికిన పసిగుడ్డు అనీ చెప్పాడు. థెయ్‌లిన్‌కు నిజం తెలుసు. ఆమె నోరు విప్పలేదు. సారిన్ అన్న మా ఇంటిపేరు ఆ రోజుతో ఖార్‌సారిన్ అయింది. ‘ఖార్’ అంటే కింది మైదానం నుంచి వచ్చినవాళ్లు.

ఇల్లూ, అమ్మకం పోగా మిగిలిన తోటా థెయ్‌లిన్‌కు పోయాయి. వాటిని సహించవచ్చు. నాకు పద్నాలుగేళ్లప్పుడు అమ్మమ్మ కన్నుమూసింది. దహనం తరువాత మా అమ్మ ఆమె ఎముకలు ఏరి, తెల్లబట్టలో కట్టి, వంశపు ఎముకలుంచే రాతిగది దగ్గరికి తీసుకెళితే థెయ్‌లిన్ ఇంటివాళ్లు మూతబండ ఎత్తనివ్వలేదు. మాకు తాంబూలమైనా ఇవ్వలేదు. పగవాడు గుమ్మం ఎక్కినా తాంబూలం చేతికిచ్చే జాతి మాది. పోయినవాళ్లు దేవుడింట్లో తాంబూలం నములుతూ కూర్చుంటారని చెప్పుకునే జాతి.

అరవై ఏడేళ్లుగా ఆమె దారి పక్కన చిన్న రాతిగూటిలో ఒంటరిగా ఉంది. నేను కాన్వెంటులో చదివి, అక్కడే ముప్పై ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పాను. నాది చర్చి దారి, ఆమెది పాత దారి. అయినా ఆమెను చేరవలసిన చోటికి చేర్చకుండా నేను పోకూడదన్న పట్టుదల ఏ ప్రార్థనతోనూ సద్దుమణగలేదు.

ఆ పరిస్థితిలో దారిషా వచ్చింది. నా పాత విద్యార్థిని. ఇప్పుడు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే చిన్న పొయ్యిలుంటాయనీ, వాటి డీఎన్ఏ తల్లి నుంచే బిడ్డకు వస్తుందనీ, కొడుక్కి అందినా అతనితోనే ఆగిపోతుందనీ, ఆ దారం పట్టుకుని పోతే మన తల్లులు ఏ దారిన నడిచి వచ్చారో తెలుస్తుందనీ వివరించింది.

“ఈ గొట్టంలో ఉమ్మాలి టీచర్,” అంది తల దించుకుని.

“ఏడో తరగతిలో గోడ మీద ఉమ్మినందుకు నిన్ను ఎండలో నిలబెట్టాను. గుర్తుందా?”

“గుర్తుంది టీచర్. ఇప్పుడు మీ వంతు.”

ఇస్తాను గాని, పెద్దింటి దారాన్ని కూడా పరీక్షించాలన్నాను. ఆ ఇంటివాళ్లు ఇష్టపడితేనే అంది. సరే, అడుగుదామని ఇద్దరం బయలుదేరాం.

ఆ ఇంటి యజమానురాలు ఫిదాలియా, థెయ్‌లిన్ కూతురి కూతురు. నాకన్నా అయిదేళ్లు చిన్న. అక్కను ‘కాంగ్’ అని పిలవడం మా మర్యాద. ఆమె నన్ను ఎన్నడూ అలా పిలవలేదు.

“ఏం టీచరమ్మా, దారి తప్పావా?” అంది.

దారిషా పరీక్ష సంగతి చెప్పింది. ఫిదాలియా వేడుకగా గొట్టం అందుకుని ఉమ్మింది. ఎర్రగా నిండింది.

“ఇందులో మీ వంశం కన్నా వక్కే ఎక్కువుంది,” అంది దారిషా. నోరు కడుక్కుని అరగంట ఆగాలంది.

“అరగంట తాంబూలం లేకుండానా? ఎవరైనా చచ్చినప్పుడు కూడా ఇంతసేపు మానలేదు నేను.”

ఆ అరగంటలో నేను వచ్చిన పని చెప్పాను. ఆమె తాంబూలం పెట్టె వైపే చూస్తూ విన్నది.

“తేడా వస్తే?”

“మళ్లీ నీ గుమ్మం తొక్కను. ఆ బండ ఊసెత్తను.”

“ఒకటేనని వస్తే?”

“ఎత్తాలి.”

ఫిదాలియా పెట్టె మూత వేసింది. తరువాత కొత్త గొట్టం అడిగి తీసుకుంది.

నాలుగు నెలలకు ఫలితం వచ్చింది. దారిషా మమ్మల్ని అదే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. రెండు దారాలూ ఒకటే. డ్రిమ్సిబాన్, థెయ్‌లిన్ తోబుట్టువులేనని పరీక్ష చెప్పదు. ఒకే తల్లి సంతతి అని మాత్రం చెబుతుంది. తాము చూసిన వందల మందిలో ఇంత పోలిక మరెవరికీ లేదు. కొంత దగ్గరి దారాలు మాత్రం కింద మైదానంలో, సుర్మా నది ఒడ్డు పల్లెల్లో దొరికాయి. ఏ కాలంలోనో ఒక తల్లి అటు నుంచి కొండెక్కి ఉండవచ్చు.

ఫిదాలియా ఒక్కసారిగా నవ్వింది. “అయితే నేనూ ఖార్‌నే. ఆ మేనమామ తాత అబద్ధమాడబోయి సగం నిజం చెప్పాడన్నమాట.”

నేను నవ్వలేదు. ఆమె నవ్వు ఆపి, గొంతు తగ్గించి మాట్లాడింది.

“మా అమ్మమ్మ రోజూ రెండు తాంబూలాలు చుట్టేది. ఒకటి నమిలేది. రెండోది పెట్టెలోనే ఎండిపోయేది. ఎవరికని అడిగితే చెప్పేది కాదు. ఆవిడ పోయాక నేనూ అలాగే చుడుతున్నా, ఎవరికో తెలియకుండానే.”

అప్పుడు నా కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది. కాని మేనమామ నోటితో పోయిన పేరు మేనమామ నోటితోనే తిరిగి రావాలని పట్టుబట్టాను.

ఆదివారం ఊరి సభ రాతిగది ముందే కూడింది. ఫిదాలియా తమ్ముడు ట్రెబోర్ ఇప్పుడు ఆ ఇంటికి మేనమామ. అతను తలపాగా తీసి చేత్తో పట్టుకుని అందరికీ వినబడేలా పలికాడు:

“డ్రిమ్సిబాన్ సారిన్. ఈ ఇంటి ఆఖరి కూతురు. మేం తప్పు చెప్పాం. లోపలికి రా, తల్లీ.”

ఫిదాలియాకు ముగ్గురూ కొడుకులే. తన తరువాత ఇల్లూ, తోటా మా చెల్లెలి కూతురు ఇబాన్‌వని ఆ సభలోనే ప్రకటించింది.

ఆరుగురు మగవాళ్లు బండ ఎత్తారు. దారి పక్క గూటి నుంచి తెచ్చిన డ్రిమ్సిబాన్ తెల్లమూటను థెయ్‌లిన్ మూట పక్కన ఆనించి పెట్టారు. పెంచిన చేతుల దగ్గరికే ఆమె తిరిగి చేరింది. పాత దారి క్రతువు వాళ్లది గనుక నేను నాలుగడుగుల దూరంలో జపమాల పట్టుకుని నిలుచున్నాను.

ఫిదాలియా పెట్టె తెరిచి, రెండో తాంబూలాన్ని ఆ రెండు మూటల మధ్య ఉంచింది. బండ మూశారు. ఆమె మరొకటి చుట్టి, సున్నం సరిచూసి, నా దగ్గరికి నడిచి వచ్చింది.

“తీసుకో, కాంగ్.”

తీసుకున్నాను. అరవై ఏడేళ్ల తాంబూలం అప్పు తీరింది.