పై మెట్టుకు వినపడింది

మరమ్మతులకు కట్టిన పరంజా తాడు తెగడం గైడు కళ్లారా చూశాడు. రాతి పనివాడు చెక్కతో సహా వచ్చి చుట్టూ రాతి మెట్లున్న ఆ పాత బరి మధ్యలో పడ్డాడు. నడుం విరిగినట్టుంది, లేవలేకపోయాడు. "అన్నా, ఎవరినైనా పిలువు" అన్నాడు. పెద్దగా అరవలేదు, మామూలుగానే అడిగాడు. పై మెట్టు మీద ఫొటోల సందడిలో ఉన్న నలభైమంది సందర్శకులతో నిలబడ్డ గైడుకు ప్రతి అక్షరం వినపడింది.

గేటు దగ్గర నుంచి మరమ్మతుల కాంట్రాక్టరు చెయ్యి ఊపాడు, సందర్శకులను అవతలి వైపుకి తిప్పమని. గైడు తిప్పాడు. జనం కళ్లను కావలసిన వైపుకి తిప్పడమేగా అతని వృత్తి! కింద ఎవరో పిలుస్తున్నారని ఒకావిడ అంటే, పనివాళ్లు అలాగే కేకలేసుకుంటారని నవ్వించాడు కూడా. రాజుగారి ఆసనం చూపించి, పూర్వం ఇక్కడ ఖైదీలను మృగాల మీదికి వదిలేవారనీ, ఊరంతా మెట్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టేదనీ వర్ణించాడు. ఏనాడూ అంత బాగా చెప్పలేదు. సందర్శకులు వెళ్లేదాకా, గేటు దాకా వచ్చిన ఆసుపత్రి బండిని కాంట్రాక్టరు లోపలికి రానివ్వలేదు. అరగంట పట్టింది. అప్పటికి మనిషి పోయాడు.

తాగి, పనివేళ కాని వేళ ఎక్కి పడ్డాడని కాంట్రాక్టరు కాగితం రాయించాడు. రేపు విచారణకు ఆఫీసరు వస్తాడనీ, ఏమీ చూడలేదు, వినలేదు అని చెబితే చాలనీ గైడుకు నచ్చజెప్పాడు. గైడు గంగిరెద్దులా తలూపి వచ్చాడు. రాత్రి కంచం ముందు నుంచి లేచాడు. ఉండబట్టలేక పనివాళ్ల రేకుల షెడ్డుకు వెళ్లాడు.

అక్కడ వాదన నడుస్తోంది. పని ఆపాలని కుర్రకారు, ఆపితే పస్తులేనని పెద్దలు. గైడును చూసి అందరూ మొహాలు తిప్పుకున్నారు. చనిపోయినవాడి భార్య మాత్రం లేచి వచ్చింది. ఆమె కూడా అదే సైట్లో రాళ్లు మోస్తుంది.

"రోజూ బరి మధ్యలో కాగితం చింపి, ఆ చప్పుడు పై మెట్టుకు వినిపిస్తావు కదన్నా. మా ఆయన గొంతు ఆ కాగితంపాటి చెయ్యలేదా?"

గైడు తల వంచుకున్నాడు. "వినపడిందమ్మా."

"నాకెందుకు? రేపు అక్కడ చెప్పు."

ఉద్యోగం పోతుందని గొణిగాడు. సిగ్గుతో ఆ మాట సగంలోనే ఆగింది.

"మెట్ల మీద కూర్చున్నవాళ్లంతా రాజులు కారు తమ్ముడూ," అన్నాడు ముసలి మేస్త్రీ. "కూలోళ్లే కూర్చుని, కూలోళ్లు చచ్చేది చూశారు. రాజుకు కావలసిందీ అదే."

మర్నాడు ఆఫీసరూ కాంట్రాక్టరూ పై మెట్టు మీద నీడలో కుర్చీలు వేయించుకున్నారు, పక్కన ఇద్దరు పోలీసులు. పనివాళ్లు కింది మెట్ల మీద, విషయం తెలిసి మళ్లీ వచ్చిన నిన్నటి సందర్శకులు వాళ్ల వెనక. గైడు బరి మధ్యకు నడిచాడు. ఈసారి కాగితం చింపలేదు.

"తాడు తెగడం చూశాను. సాయం అడగడం విన్నాను. అరగంట బతికే ఉన్నాడు. బండిని గేటు దగ్గరే ఆపారు. నేను జనాన్ని అవతలి వైపుకి తిప్పాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది."

కాంట్రాక్టరు సైగ చేశాడు. పోలీసులు దిగి గైడు రెక్కలు విరిచి పట్టుకున్నారు. ముసలి మేస్త్రీ లేచి బరిలోకి దిగాడు. అతని వెనక కుర్రకారు, ఆడవాళ్లు. నిన్న నవ్విన సందర్శకుల్లో కొందరు కూడా దిగారు. చూసేవాళ్లంటూ మెట్ల మీద పెద్దగా ఎవరూ మిగల్లేదు.

చనిపోయినవాడి భార్య గైడును దాటుకుని వెళ్లింది, అతని వైపు చూడలేదు. చూస్తుందని అతనూ ఆశపడలేదు. భర్త పడ్డ చోట నిలబడి, అరవకుండా, మామూలుగానే అంది.

"ఇవాళ్టి నుంచి పని ఆపాం."

పై మెట్టు మీద ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.