తిరుపాలమ్మ వంటింట్లో రాలిన గుండ్లు

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీ పెద్దవాళ్లు పరాయి దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితాల సంగతులు చెబుతారు, టికెట్ల సంగతులు చెబుతారు, ఇది మాత్రం చెప్పరు. ఎందుకు చెప్పరో వింటే మీకే తెలుస్తుంది. కాస్త దగ్గరికి జరగండి.

కువైట్‌లోని ఫింటాస్‌లో సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక కువైటీ వాళ్ల ఇంట్లో తిరుపాలమ్మ వంట చేసేది. ఊరు రాజంపేట. పొద్దున ఐదింటికి లేచి, ఆ ఇంటి పిల్లల టిఫిన్ డబ్బాలు సర్ది, పెద్ద గిన్నెలో బియ్యం నానబోసి, అందరూ మామా, బాబా అని పిలిచే ఇంటావిడా ఇంటాయనా కిందికి దిగేలోపు చాయ్ కాచేది. తర్వాత ఐదు నిమిషాలు తనవి. ఆ ఐదు నిమిషాల్లో ఇంటికి ఫోన్ చేసి, పెద్దకూతురు చాందిని బడికి బయల్దేరిందా, చిన్నది చిట్టి అన్నం తిన్నదా, వెనక తలుపుకి గడియ పడిందా అని అడిగేది. గడియ సంగతి మూడుసార్లు అడిగేది. భర్త లారీ ప్రమాదంలో పోయాక రాజంపేట ఇంట్లో పదహారేళ్లదీ ఎనిమిదేళ్లదీ, ఇద్దరే. పక్కింటి అమీర్‌బీ కనిపెట్టుకుని ఉండేది.

ఒకరోజు చాందిని రెండు కబుర్లు కలిపి చెప్పింది.

"మా, నిన్న మేం బడికి పోయినప్పుడు వెనక తలుపు ఇరగ్గొట్టి గ్యాసు బండ ఎత్తకపోయినారు. కుక్కరు గూడా. పప్పు మటుకు కింద పోసిపోయినాడు, మంచోడే." నవ్వింది. "ఇంగోటి మా. షూటింగులో నా చెయ్యి వణకదంట. సొంత పిస్తోలుంటే జిల్లా పోటీలకి పంపిచ్చానన్నాడు మాకు గురి నేర్పే భీమరాజు సారు."

తిరుపాలమ్మకి ఆ రెండూ ఒకే కబురుగా వినిపించాయి.

ఆ ఇంటి డ్రైవర్ అల్లాబకష్‌ది రాజంపేట పక్కనే చిట్వేలు. కారు కడిగి నీడన కూర్చున్నవాడి దగ్గరికి వెళ్లి, ఫోన్‌లో పిస్తోళ్లు చూపించమంది.

"మెల్లగా అక్కా! ఈ దేశంలో ఆ మాట ఎవురన్నా విన్యారంటే మనిద్దర్నీ ఒకే ఇమానం ఎక్కిచ్చారు."

"ఎక్కిచ్చే మంచిదే, టికెట్టు ఖర్చు మిగులుతాది. సూపీ."

అల్లాబకష్ ఫోన్ తిప్పాడు. "నిజం పిస్తోలంటే లైసెన్సు, ఆఫీసులు, మన వల్ల గాదు. ఇయ్యన్నీ గాలి పిస్తోళ్లు. ఇది పోటీల్లోది. చెక్కపిడి, తేలిక. కొత్తది కొనాలంటే నువ్వు ఇంగో రెండేండ్లు ఈడ్నే ఉండాల. ఇది గ్యాసుది. అచ్చం పోలీసోళ్లదే అనుకుంటారు, గానీ ఆ బుడ్లు కొని కొని అలిసిపోతాం. ఇది స్ప్రింగుది. గొట్టం వంచితే బిగుచ్చాది, మాటికొక గుండు. మొద్దుది, చవక."

"నల్లగుందే."

"నలుపుదేముందక్కా, మనం లేమా?"

భీమరాజు సార్‌కి ఫోన్ చేస్తే ఆయన ఇంకో మాట చెప్పాడు. "ఏమ్మా, మా క్లబ్బులో వాడిన పోటీ పిస్తోలొకటుంది. ఆ స్ప్రింగుదాని రేటుకే ఇప్పిస్తా. ట్రిగ్గర్ మీద వేలు ఆనిస్తే చాలు. మీరు చెప్పేదానికి ఆ పాప వేలు బిగించి లాగాల, లాగితే గురి చెదురుతుంది."

"అది బొమ్మ మాదిరి ఉంది గదా సారూ. దొంగ భయపడతాడా?"

ఆయన విడమరిచి చెప్పాడు. "నేర్చుకునేదాన్ని ఖాళీ చేసి, బీరువాలో పెట్టి తాళం వెయ్యాలమ్మా. దొంగల కోసమైతే నింపి చేతికందేట్టు పెట్టుకోవాల. ఒకదానితో రెండూ కుదరవు."

ఆయన చెప్పింది నిజమని ఆమెకి అప్పుడే తెలుసు. తెలిసే నల్లది కొనిపించింది. సాయంత్రం గంటసేపు గురికి వాడమని, మిగతా వేళంతా గుండు వేసి మంచం పక్కన పెట్టుకోమని చాందినికి చెప్పింది. "అట్ల పెడితే స్ప్రింగు పాడైపోతాది మా" అని పిల్ల అంటే, "పోతే పోనీలే, మీకంటే ఎక్కువా?" అంది. డబ్బు పంపే కౌంటర్ ముందు నిలబడి, రసీదు మడుస్తూ మనసులో అనుకుంది: సామీ, ఆ గుండు ఎవురికీ తగలగూడదు. తగిలితే నాకే తగలనీ.

వారం తర్వాత, మధ్యాహ్నం మూడున్నరకి, బియ్యం కడుగుతున్న గిన్నెలో టింగుమని ఏదో పడింది. మినపగింజంత సీసపు గుండు. ఇంకోటి పడింది. మొత్తం పది పడ్డాయి. రాజంపేటలో అప్పుడు సాయంత్రం ఆరు, చాందిని గురి పెట్టే వేళ.

మరుసటి రోజూ పది. మామా వంటింట్లోకి వచ్చి, కాలి కింద ఒకటి తగిలితే వంగి తీసి గట్టు మీద పెట్టింది. "తిరుపాలా, నీ కూతురు మళ్లీ కాలుస్తోంది. బియ్యం ఇంకోసారి చూసి వండు. బాబాకి మొన్ననే పళ్లు కట్టించాం. యల్లా, తొందరగా." అల్లాబకష్ ఖాళీ పాలపొడి డబ్బా తెచ్చి ఇచ్చాడు. సాయంత్రం చీపురుతో ఊడ్చి గుండ్లన్నీ అందులో వేసేవాళ్లు.

ఊర్లో మాత్రం చాందిని గురి పెట్టిన కాగితం తెల్లగానే ఉండిపోయింది. పది కొడితే పదీ ఎటుపోయాయో తెలిసేది కాదు. గోడ మీద లేవు, చెక్క మీద లేవు. "చెయ్యి వణకడం లేదు, మరి కన్నే తేడా" అన్నాడు భీమరాజు సార్. పిల్లని కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి అద్దాలు పెట్టించారు. జట్టులో వెనక వరసకి తోశారు. కొన్నాళ్లకి తోటివాళ్ల పిస్తోళ్లు తుడిచిపెట్టే పని ఇచ్చారు.

"నాకు రాదేమో మా" అంది చాందిని ఒకరోజు. వీడియోలో అద్దాలు ముక్కు మీదికి జారుతున్నాయి.

తిరుపాలమ్మకి నిజం నోటి దాకా వచ్చింది. పక్కనే డబ్బా సగం నిండి ఉంది. చెప్పేస్తే పిల్ల కళ్లద్దాలు తీసేస్తుంది. కానీ గుండ్లు తన దగ్గరికి వచ్చినన్నాళ్లు అక్కడ ఎవరికీ తగలవు కదా. ఆ మాట ఆమె నాలికని పట్టేసింది. "వచ్చాదిలే తల్లీ" అని ఫోన్ పెట్టేసి, ఆ రోజు అన్నం తినలేదు. అట్లా ఐదు నెలలు నడిచింది.

ఒక బుధవారం పన్నెండు గంటలకి, మామా వాళ్ల చుట్టాలకి పళ్లెంలో అన్నం సర్దుతుంటే, తిరుపాలమ్మ అరచేతిలో ఒక గుండు పడింది. ఎప్పుడూ చల్లగా పడేది, ఈసారి కాలుతూ పడింది. ఒక్కటే. అది గురి నేర్చుకునే వేళ కాదు. బడి ఉన్న రోజు.

పళ్లెం అక్కడే వదిలేసి ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఏడుసార్లు చేసింది. ఎనిమిదోసారి చాందిని ఏడుపు వినిపించింది.

"జ్వరమని బడికి పోలేదు మా. నిద్రపోతాంటి. పెరట్లో దబ్బుమని సప్పుడైంది. లేసి చూస్తే గోడ దూకి ఎవురో ముసుగేసుకుని వచ్చాండారు. నేను... నేను కొట్టేసినా మా. నాలుగడుగుల్లో నుంచి. రొమ్మికే పెట్టి కొట్టినా."

"ఎవుర్ని?"

ఫోన్ ఇంకో చేతిలోకి మారింది. "నన్నే తిరుపాలా, ఇంగెవుర్ని!" అంది అమీర్‌బీ. "తలుపు తట్టి తట్టి చేతులు పడిపోయినాయి. పిల్ల పలకదు. జ్వరంతో ఏమైందో ఏమోనని, యాభై రెండేండ్లకి గోడెక్కితిని. గంజి గిన్నె పాయె, చీర చినిగె. నీ కూతురు నాకు పిస్తోలు చూపిచ్చె!"

"నీకేం కాలేదు గదా అమీరక్కా?"

"ఏమవుతాది? తగిలితే గదా!"

మళ్లీ చాందిని తీసుకుంది. ముక్కు చీదింది. "నాకు గురి లేకపోవడమే మంచిదైంది మా."

ఆ మాట తిరుపాలమ్మ ఓర్చుకోలేకపోయింది. వీడియో పెట్టి, కాలుతున్న గుండునీ, నిండుగా ఉన్న డబ్బానీ చూపించింది.

"నీకు గురి ఉంది తల్లీ. మొదట్నుంచీ ఉంది. నువ్వు కొట్టినయ్యన్నీ నా కాడికి వచ్చాండాయి. నేనే చెప్పలే."

చాందిని చాలాసేపు డబ్బా వైపే చూసింది. తర్వాత అద్దాలు తీసి మంచం మీద పడేసింది. "ఐదు నెల్లు! ఐదు నెల్లు గుడ్డిదాన్ని అనిపిచ్చుకున్యా మా! వాళ్ల పిస్తోళ్లు తుడిచినా!" అని ఫోన్ కట్ చేసింది. మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మూడు రోజులు తిరుపాలమ్మ ఏ కూరలో ఎంత ఉప్పు వేసిందో ఆమెకే తెలియదు. మామా రుచి చూసి ఏమీ అనకుండా నిమ్మకాయ పిండుకుంది.

నాలుగో రోజు పనులు ఒకటొకటిగా చేసింది. నల్లదాన్ని వెనక్కిచ్చేసి చాందినికి క్లబ్బుదే ఇప్పించమని భీమరాజు సార్‌కి చెప్పింది. అది క్లబ్బు బీరువాలోనే ఉంటుంది, తాళం ఆయన దగ్గర. వెనక తలుపుకి ఇనప గ్రిల్లు పెట్టించమంది. పిల్లలిద్దరూ రాత్రికి అమీర్‌బీ ఇంట్లో పడుకుంటారు. "ఈ మాట ముందే అడిగుంటే నా చీర మిగిలేది" అంది అమీర్‌బీ. నిజమే. అడగడానికి మొహమాటపడి పిస్తోలు కొనింది.

ఇంకొక్కటి మిగిలింది. అది అన్నిటికంటే కష్టం. గుండ్లు తన దగ్గరికి రావద్దని అనుకోవాలి. నోటితో కాదు, నిజంగా. మొదటి సాయంత్రం ఆరు రాలాయి. పది రోజులకి రెండు. భయం పుట్టిన ప్రతిసారీ ఒకటి రాలేది.

కాగితం మీద గుండ్లు కనపడేసరికి భీమరాజు సార్ చాందిని పేరు ఇచ్చాడు. తిరుపతిలో షూటింగు అకాడమీ ఎంపిక పోటీ ఆదివారం పెట్టారు. నలభై గుండ్లు. ఆ పొద్దున తిరుపాలమ్మ ద్రాక్షాకుల్లో అన్నం చుడుతూ కూర్చుంది. అల్లాబకష్ గడప మీద కూర్చుని నేలనే చూస్తున్నాడు.

"పడిందా?"

"లేదక్కా. నువ్వు ఆకులు చూసుకో."

ఒక ఆకు, ఒక ముద్ద, ఒక మడత. వద్దు, రావద్దు, కాగితానికే పో. ఆకులు సగం పైన అయిపోయాయి. అప్పుడు ఉన్నట్టుండి ఆమెకి తోచింది: పిల్ల తెల్లారకముందే బస్సెక్కింది, కడుపులో ఏమన్నా పడిందో లేదో.

టింగ్.

అల్లాబకష్ దాన్ని తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ముంజేత్తో కళ్లు తుడుచుకుని ఇంకో ఆకు తీసుకుంది. ఆ తర్వాత ఏదీ పడలేదు.

రెండు గంటల తర్వాత ఫోన్ మోగింది. "పదిమందిని తీసుకున్నారు మా, అకాడమీకి. నేను పదోదాన్ని." వెనక బస్టాండు గోల. "ముప్పై తొమ్మిదే ఉన్నాయంట కాగితం మీద. ఒకటి కనపడలేదని సారు రెండుసార్లు ఎంచినాడు."

"నా వల్లనే తల్లీ" అంది తిరుపాలమ్మ. "మధ్యలో ఒక్కసారి... అన్నం తిన్యావో లేదో అనుకున్యా."

"తిన్యాలే మా" అంది చాందిని. "ఉప్మా."

ఇదీ కథ, పిల్లలూ. పెద్దవాళ్లు దీన్ని ఎందుకు చెప్పరో ఇప్పుడు మీకు తెలిసింది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇట్లాంటి డబ్బా దాచుకునే ఉంటారు. మీరు మాత్రం దాచొద్దు. రేపు మీ పిల్లలకి చెప్పండి, వాళ్లని వాళ్ల పిల్లలకి చెప్పమనండి.