గుడ్లపెట్టెకి కాపలా

నేను ఒక చిన్న బోర్డుని, తమలపాకంత కూడా ఉండను. నడుమ నల్లటి చిప్పు, ఓ పక్క యూఎస్‌బీ నోరు. ఆ నోట్లో కేబుల్ పెట్టి కంప్యూటర్‌కి కలిపితేనే నాకు చదువబ్బుతుంది. ఏ ఊళ్లో పుట్టానో అడక్కండి, నాకు టంకం పెట్టినవాళ్ల ముఖం కూడా గుర్తులేదు. మొదట కాలేజీ పిల్లల పోటీలో బొమ్మకారు నడిపాను. ఓడిపోగానే డబ్బాలో పడేశారు. ఆ కాలేజీ ల్యాబులో పనిచేసే హేమలత నన్ను ఇంటికి తెచ్చి, నాటుకోడిగుడ్లు పొదిగే పెట్టెకి కాపలా పెట్టింది. వేడి తగ్గితే బల్బు వెలిగించాలి, పెరిగితే ఆర్పాలి. కునుకులేని కొలువు!

దసరాకి ఆయుధపూజ చేశారు. హేమలత అత్తగారు సుభద్రమ్మ కుట్టుమిషనుతోపాటు నాకూ తడిగంధం పూసి బొట్టు పెట్టింది. అంత మర్యాద నాకెవరు చేశారు? పొంగిపోయాను.

గుడ్లు పొదగేసిన పద్దెనిమిదో రోజు దగ్గర్లో పిడుగు పడింది. నాలో రాసిందంతా చెరిగిపోయింది. పెట్టెలో అరవై గుడ్లు. సుభద్రమ్మ థర్మామీటరు చూస్తూ, బల్బు ప్లగ్గు చేత్తోనే పెడుతూ తీస్తూ నిలబడింది. హేమలత ల్యాప్‌టాప్ తెచ్చి కేబుల్ నా నోట్లో పెట్టింది. నా లైటు వెలిగింది. కంప్యూటర్‌కి మాత్రం నేను కనబడలేదు. కేబుల్ మార్చింది. మళ్లీ మార్చింది. ఇక్కడే ఉన్నానమ్మా అని అరుద్దామంటే మాట బయటికి రాదే!

"ఎంతసేపే అమ్మాయ్? నా చెయ్యి పడిపోతోంది."

"లైటు వెలుగుతోంది గానీ పలకట్లేదత్తయ్యా."

"కళ్లు తెరుచుకునే పలకదా? అచ్చం మీ మావయ్యే!"

హేమలత ఫోను లైటు వేసి నా నోట్లోకి చూసింది. "అత్తయ్యా, దీని నోటినిండా గంధం కూరేశారు!"

పెద్దావిడ ముఖం పాలిపోయింది. "దేవుడికి పెట్టినట్టే పెట్టానే తల్లీ. తీసెయ్. తప్పు నాది, గుడ్లేం చేశాయి?"

హేమలత ఎండి గడ్డకట్టిన గంధాన్ని పుల్లతో గీకి, స్పిరిట్ దూదితో తుడిచింది. కేబుల్లో కరెంటు తీగ తగిలినా, మాట మోసే తీగకి అదే అడ్డుపడిందన్నమాట. ఈసారి కంప్యూటర్ టింగుమంది. నా చదువు నాకు తిరిగొచ్చింది.

సుభద్రమ్మ నేలమీద చతికిలబడింది. "బతికున్నాయంటావా?"

"తెలీదత్తయ్యా."

నాకూ తెలియదు. గుడ్డులోకి చూసే కన్ను నాకేదీ? వేడి ఒక్కటే తెలుసు. రెండు రోజులు వెలిగిస్తూ, ఆర్పుతూ, వెలిగిస్తూ అల్లాడిపోయాను.

ఇరవయ్యో రోజు పొద్దున బల్బు ఆర్పి, వేడి ఎప్పుడు తగ్గుతుందా అని కాచుకున్నాను. తగ్గలేదు. నిమిషం, రెండు, పది. తగ్గలేదు. ఆ వేడి నేనిచ్చింది కాదు. గుడ్లది.