ఆవాల దిండు

"పిల్లని కింద పెట్టి పని చూసుకో జయా."

పాలు పట్టి పిల్లని భుజాన వేసుకుంటానో లేదో, వంటింట్లోంచి మా అత్తగారి మాట వినపడుతుంది. కింద పెడితే ఏమవుతుందో ఆవిడకి తెలియదా? తాగిన పాలన్నీ నోట్లోంచీ ముక్కులోంచీ వచ్చేస్తాయి, పిల్ల ఉక్కిరిబిక్కిరవుతుంది. అప్పుడు మళ్ళీ ఆవిడే, "నీ పాలు పడట్లేదే దానికి" అంటుంది. నా భుజం మీద ఎప్పుడు చూసినా విరిగిన పాల వాసనే. ఆ వాసనకి మా ఆయనకి కడుపులో తిప్పుతుందట, మంచం వరండాలో వేయించుకున్నారు. నాకు తిప్పదా? అడిగినవాళ్ళు లేరు.

మా అమ్మ లేదు. బాపట్లలో నాన్న ఒక్కడే. అందుకని పురుడు రేపల్లెలోనే, అత్తవారింట్లోనే పోశారు. "పుట్టింటివాళ్ళ చాకిరీ కూడా మేమే చేశాం" అని చూడవచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నారు. ఎవరు చేశారమ్మా? పురిటి స్నానం అయిన మర్నాటి నుంచీ పిల్ల గుడ్డలు బావి దగ్గర నేనే ఉతుక్కుంటున్నాను.

నెల నిండాక పోట్లాడి మరీ పాసింజరెక్కించి తెనాలి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పిల్లని తూచి చూసి, "బరువు బాగానే పెరుగుతోంది, భయపడకు. కొందరు పిల్లలు కొన్నాళ్ళు ఇలాగే కక్కుతారు. పాలు తాగాక అరగంట భుజాన నిటారుగా ఉంచు. పడుకోబెట్టేటప్పుడు గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టు. దిండొద్దు, మొహం దగ్గర గుడ్డా గిడ్డా వద్దు" అంది. ఆయన పక్కనే ఉండి అన్నీ విన్నారు. ఇంటికొచ్చి వాళ్ళమ్మతో, "ఏం లేదమ్మా, దానంతటదే తగ్గుతుందంట" అన్నారు. మిగతాదంతా రైల్లోనే వదిలేసి వచ్చినట్టున్నారు.

నేను చెబితే అత్తగారు మూతి తిప్పింది. "ఆ డాక్టరమ్మకి పిల్లలున్నారా?"

"లేరండి."

"మరి చెప్పవేం! ఆవాల దిండు లేకపోతే తల సొట్టపోతుంది. మావాడి తల చూడు, ఎంత గుండ్రంగా ఉందో."

చూశాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నాను. గుమ్మడికాయంత గుండ్రంగా ఉంటుంది, అందులో భార్య మాట ఒక్కటీ నిలవదు. నేను ఆ దిండు తీసేస్తాను, ఆవిడ పెడుతుంది. నేను మళ్ళీ తీస్తాను. పిల్ల నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకుంటాను. అది చూసి ఆయన, "ఏంటే ఆ అపశకునపు పని! పిచ్చెక్కిందా?" అంటారు. ఎక్కదూ మరి!

పోయిన బుధవారం మధ్యాహ్నం గుడ్డలు జాడిస్తున్నాను. పాలు పట్టి పిల్లని అత్తగారి చేతికిచ్చి, "కాసేపు ఎత్తుకునే ఉండండత్తయ్యా" అని బతిమాలి మరీ బావి దగ్గరికి వెళ్ళాను. పిండిన గుడ్డ తీగ మీద వేస్తుంటే ఇంట్లో ఏ సవ్వడీ లేదు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. తడి చేతులతోనే పరుగెత్తాను. పిల్ల దిండు మీద ఉంది. ఈగలు వాలకుండా మొహం మీద నా పాత చీర ముక్క కప్పి ఉంది. లాగేశాను. మొహం పక్కకి తిరిగి దిండులోకి కూరుకుపోయింది, ముక్కు నిండా పాలు, పెదాలు నేరేడు పండు రంగు. చేతిమీద బోర్లా వేసుకుని వీపు మీద చరిచాను, చరిచాను. ఎంతసేపటికో కెవ్వుమంది. నా ప్రాణం మళ్ళీ నాలోకొచ్చింది.

అత్తగారు వక్కలు కత్తిరిస్తూ, "ఎవరి దిష్టో" అంది.

సాయంత్రం ఆయనకి ఏడుస్తూ చెప్పాను. చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలిస్తూ, "ఇప్పుడేం కాలేదుగా. ఇంకెందుకా ఏడుపు?" అన్నారు.

ఏం కాలేదుగా! ఏమైనా అయ్యుంటే అప్పుడు ఏడవడానికి అనుమతి ఇచ్చేవారన్నమాట. ఆ క్షణం నా ఏడుపు ఆగిపోయింది. మళ్ళీ రాలేదు.

శనివారం దిండు తీసుకెళ్ళి ఎండలో పెట్టాను. అత్తగారు మురిసిపోయింది. "ఇప్పటికి దారికొచ్చావు."

ఆదివారం ఆవకాయ. ముక్కలు కొట్టడం అయింది. నేను పిల్లకి పాలు పట్టడం ముగించేసరికి కేక. "ఆవాలు దంచాలి, పిల్లని కింద పెట్టి రా. డబ్బాలో చాలవేమో, కొట్టుకి పంపించనా?"

"అక్కర్లేదండి, ఇంట్లోనే ఉన్నాయి."

వరండాలో ఆయన పేపరు చదువుతున్నారు. పేపరు తీసి పక్కన పెట్టి, పిల్లని ఆయన భుజాన వేశాను.

"ఏంటిది? నాకు చేతకాదే!"

"తల కింద చెయ్యి పెట్టి నిటారుగా పట్టుకోండి. అరగంట. డాక్టరమ్మ చెప్పినప్పుడు మీరూ విన్నారు."

"ఎవరైనా చూస్తే ఏమనుకుంటారే?"

"తండ్రి అనుకుంటారు."

కత్తిపీట ముందు కూర్చుని దిండు కుట్లు కోశాను. పాల మరకల గలీబు అవతల పారేశాను. ఆవాలు జలజలా రోట్లో పడ్డాయి. అత్తగారు గుండెల మీద చెయ్యేసుకుంది. "ఓసి నీ దుంపతెగ, అది పిల్ల దిండే! దాని తల గుండ్రంగా ఎట్లా వస్తుంది?"

"తల గుండ్రంగా ఉండాలంటే ముందు పిల్ల ఉండాలి కదత్తయ్యా."

నేను రోకలి అందుకున్నాను. ఒక్కో పోటుకీ ఘాటు లేచి కళ్ళు మండుతున్నాయి. మండనీ అనుకున్నాను. ఇన్నాళ్ళకి నా చేతుల్లో బలం ఎంతుందో నాకే తెలిసింది.

వరండాలోంచి గావుకేక. "ఏమేవ్, కక్కింది! చొక్కా అంతా పాడైంది! వచ్చి తీసుకోవే!"

రోకలి ఆపలేదు.

"తుడుచుకుని, అలాగే పట్టుకుని కూర్చోండి. నా చేతులు ఖాళీగా లేవు."