తెల్ల గోధుమ, గిర్ని రాయి

నేను ఒక గిర్ని రాయిని. జహీరాబాదు పక్క మా ఊళ్లో పిండి మరను గిర్ని అంటారు. గుట్టలో పుట్టాను, ఉలి దెబ్బలు తిని గుండ్రమయ్యాను, శరణప్ప గిర్నిలో తిరిగాను.

గింజ నా కింద పడగానే దాని గుణం తెలిసిపోతుంది. ఊరి పాత గోధుమ గట్టిది. టక్కున పగిలేది, రవ్వ రాలేది. ఓ ఏడు ఊరంతా కొత్త విత్తనం తెచ్చింది. గింజ బొద్దుగా, తెల్లగా ఉందట! కోడలిని ఎంచినట్టే ఎంచారు.

జాతర పాయసం ఆ ఏడు మాణెమ్మ ఇంటి వంతు. ఆ గోధుమలే తెచ్చి రవ్వ పట్టమంది. పిండి పడింది. పాయసం జిగురైంది.

"శరణన్నా, దేవుని ముంగట ఇజ్జత్ తీస్తివి గదా! పాయసమా అది? గోడకు పోస్టర్లు అతికియ్యొచ్చు."

"నా గిర్ని తప్పేం లేదు చెల్లె."

"మరి గోధుమలదా? ఎంత తెల్లగున్నయ్!"

శరణప్ప ఉలి తీసి నాకు మళ్లీ గాట్లు కొట్టాడు. గింజ మెత్తనైతే రాయిని కొట్టాలని ఎవరు నేర్పారో! మళ్లీ పిండే. జనం పక్కూరి గిర్నికి నడిచారు. అక్కడా పిండే పడింది గానీ, అంత దూరం నడిచారు కనుక ఆ సంగతి పైకి చెప్పలేదు. ఇక్కడ శరణప్ప పొయ్యి వెలగడం కష్టమైంది.

ఒకరోజు వ్యవసాయ ఆఫీసరమ్మ గిర్నికి వచ్చి, ఊరివాళ్లను కూర్చోబెట్టి గింజ కొరికి చూసింది. "రాయి మంచిదే. గింజలో పిండి బిగుసుకోకుండా చూసే జన్యువులు రెండుంటాయి. రెండూ సరిగ్గా ఉంటే గింజ ఈ తెల్లదానిలా మెత్తన. ఒకదాని రాతలో ఒక్క అక్షరం తప్పినా గట్టిపడుతుంది. రవ్వకు మీ పాత విత్తనమే వేసుకోండి."

మాణెమ్మ మొగుడు సంగప్ప అందుకున్నాడు. "అచ్చరం తప్పితే మా పంతులు ఈపు పగలగొడుతుండె మేడం. గోధుమకు గట్టితనమొచ్చిందా?"

అందరూ నవ్వారు. తర్వాత అసలు ప్రశ్న అడిగారు. "పాతది గింత తెల్లగుంటదా?"

ఉండదంది ఆఫీసరమ్మ. ఊరివాళ్లు లేచి వెళ్లిపోయారు.

శరణప్ప నన్ను ఊడదీసి గుమ్మానికి మెట్టుగా వేశాడు. ఇనుప మిషన్ బిగించి దానికి పూలదండ వేశాడు. మరుసటి జాతరకు మాణెమ్మ నామీద కాలుపెట్టి లోపలికి పోయింది, అదే తెల్ల గోధుమతో. మిషన్ ఊరంతా వినేట్టు అరిచింది. బయటికొచ్చి ఆమె పిండిని వేళ్ల మధ్య నలిపింది.

"ఆ రాయే నయముండె శరణన్నా."

శరణప్ప మిషన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. గుమ్మం ఎత్తైనదే. ఇంకో మెట్టు పడుతుంది.