కసిమీరా ఎవరు?

మా సాల్తో ఊళ్ళో ఫెర్మీన్ ఒలాస్కోఆగా గారు హైస్కూల్లో భూగోళం చెప్పేవారు. పాఠం బాగానే చెప్పేవారు గానీ మనసంతా రాస్తున్న నవల మీదే. నది ఒడ్డున ఒక పశువుల ఎస్టేటు, తండ్రి పోయాక దాన్ని పంచుకోనూ లేక వదులుకోనూ లేక కొట్టుకునే ఇద్దరు అన్నదమ్ములు. అదీ కథ. మొదట్లో కొట్టాలు తగలబడే ఘట్టం చదివితే ముఖానికి సెగ తగులుతుంది. చివర్లో అన్నదమ్ములిద్దరూ పడవరేవులో ఎదురుపడి, ఒక్క మాటైనా లేకుండా చెరో దారీ పడతారు. అది చదివితే ఎంతటివాడైనా కళ్ళజోడు తుడుచుకుంటాడు.

ఆ రెండింటి నడుమా గడ్డి ఉంది.

మాటవరసకి అనడం లేదు, నిజంగా గడ్డే. అన్నదమ్ములు గుర్రాల మీద ఎస్టేటు సరిహద్దులు చూస్తూ తిరుగుతారు. ఏ మిట్ట మీద ఏ గడ్డి మొలుస్తుంది, ఏది గొర్రెలకు పడదు, ఏది వానకు కుళ్ళిపోతుంది, అన్నీ వివరంగా రాశారాయన. ఆదివారం భోజనాల దగ్గర ఆ పేజీలు చదవడం మొదలుపెడితే ఆయన భార్య దెల్ఫీనా ప్లేట్లు తీసే నెపంతో వంటింట్లోకి జారుకునేది. మామగారికి ఆ సదుపాయం లేదు కనక కూర్చున్నచోటే గురక పెట్టేవారు.

నవల టైపు చేసే పని దెల్ఫీనా వాళ్ళ అక్క ఎతెల్వీనా తీసుకుంది. ఆవిడ టెలిగ్రాఫ్ ఆఫీసులో చేసి రిటైరైంది. ఊరివాళ్ళ చావుకబుర్లూ పెళ్ళికబుర్లూ నాలుగేసి మాటల్లో కొట్టి పంపిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. సన్న చుట్టలు కాల్చేది. పేకాటలో దొంగముక్క వేసినా ముఖంలో ఏమీ కనిపించనిచ్చేది కాదు.

మొదటి అధ్యాయాలు ఆవిడ టకటకా కొట్టేసింది. గడ్డి దగ్గరికొచ్చేసరికి టైపు మిషన్ మీదే తల వాల్చి నిద్రపోయింది. లేచేసరికి నుదుటి మీద మీటల గుర్తులు. ఆ నుదురు చూపించడానికే చెల్లెలింటికి వచ్చింది.

"మరిదిగారూ, ఈ గడ్డిలో మనుషులెవరూ తిరగరా?"

"అన్నదమ్ములున్నారు కదా వదినా."

"వాళ్ళు గుర్రాల మీద ఉన్నారు. గుర్రాలు నడుస్తున్నాయి. ఇంకేం జరగట్లేదు."

నవల నడుమ అలాగే ఉంటుందనీ, అది మైదానంలాంటిదనీ, చదివేవాడు ఓపిగ్గా దాటాలనీ ఫెర్మీన్ గారు బోధించారు. మైదానంలో అయితే కనీసం ఒక ఆవైనా కనిపిస్తుందని ఆవిడ అంది. ఇక ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. అప్పుడే ఆయనకు అనుమానం రావలసింది.

టైపు ప్రతి తయారయ్యాక ఆయన మంటల ఘట్టం రెండుసార్లు చూసుకున్నారు, పడవరేవు మూడుసార్లు చూసుకున్నారు. నడిమి భాగం మాత్రం "మీరే ఓసారి చూసేయండి వదినా" అన్నారు. దిద్దుబాటుకి అచ్చు ప్రతులు వచ్చినప్పుడూ అదే మాట. నిజానికి ఆ భాగం ఆయనకే విసుగు. ఆ సంగతి ఆయనే ఇంకా గమనించుకోలేదు.

పుస్తకం రాజధాని మాంటెవిడియోలో అచ్చయి మా పుస్తకాల షాపుకి వచ్చింది. మామూలుగా మా ఊరివాళ్ళ పుస్తకాలు మర్యాదకి కొంటారు, మర్యాదకే దాచుకుంటారు. దీన్ని మాత్రం కొన్నవాళ్ళు వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి అక్కాచెల్లెళ్ళకని ఇంకో ప్రతి అడిగారు.

ఒక సాయంత్రం మాతె ఆకు కషాయం తాగుతూ ఫెర్మీన్ గారు మా షాపులో కూర్చునుండగా మందుల షాపు యజమాని భార్య రమోనా వచ్చింది. ఆయన్ని చూసి దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"మాస్టారూ, కసిమీరా వెళ్తూ వెళ్తూ అన్నదమ్ముల్లో పెద్దాయన వేటకుక్కని ఎందుకు తీసుకుపోయిందండీ? నాకు రెండ్రోజుల్నించీ నిద్రలేదు."

ఆయన మాతె గొట్టం నోట్లోంచి తీశారు. కసిమీరా ఎవరో ఆయనకి తెలియదు. ఈవిడ ఇంకెవరిదో పుస్తకం చదివి పొరబడిందనుకున్నారు. అంతలో పక్కనే ఉన్న మాంసం కొట్టు ఇల్దెఫోన్సో, కసిమీరాదేమీ తప్పు లేదనీ, తప్పంతా తమ్ముడిదేననీ అందుకున్నాడు. ఇద్దరూ వాదనకు దిగారు. ఫెర్మీన్ గారు నన్ను చూశారు. నేను మొన్ననే పుస్తకం పూర్తిచేశాను, నా ఓటూ కసిమీరాకే అని చెప్పాను.

"రచయిత అన్నవాడు వివరణ ఇవ్వకూడదు," అని గంభీరంగా లేచి ఇంటికి వెళ్ళిపోయారు.

ఇంటికి వెళ్ళి, సొంత నవల నడిమి భాగం మొదటిసారి చదివారు.

కసిమీరా నది అవతల కొంకోర్దియా నుంచి ఒక ట్రంకు పెట్టెతో దిగిన వితంతువు. ఈ ఇంట్లో బతికున్నంతకాలం ఒక గది నాదేనని మీ నాన్న మాటిచ్చాడంటుంది. నిజమో కాదో చెప్పడానికి ఆ నాన్న లేడు. వంటిల్లు ఆక్రమిస్తుంది. గడ్డి చూపించమని పెద్దవాణ్ణి వెంటబెట్టుకుని పోతుంది. వాడు ఒక్కో గడ్డి పేరూ చెబుతుంటే కావాలనే తప్పుగా పలుకుతుంది, మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటుంది. కంచె అవతల చిన్నవాడు గుర్రం మీద కదలకుండా నిలబడి ఉంటాడు. వాన మొదలవుతుంది. ఫెర్మీన్ గారు రాసిన వానే, ఒక్క మాట మారలేదు. కానీ ఇప్పుడా వానలో ఇద్దరు ఒకే కొట్టంలో చిక్కుపడ్డారు, మూడోవాడు బయట తడుస్తున్నాడు.

దెల్ఫీనా భోజనానికి పిలిస్తే ఆయన రాలేదు. కోపంగా ఉన్నారనుకుంది. కాసేపటికి లోపల నవ్వు వినిపించింది. ఆ తర్వాత ముక్కు చీదిన చప్పుడు.

మర్నాడు స్కూలు నుంచి నేరుగా వదినగారింటికి వెళ్ళారు. అక్కడ జరిగింది తర్వాత ఎతెల్వీనాయే నాకు చెప్పింది. ఆయన టోపీ కూడా తియ్యకుండా మొదలుపెట్టారట. ఏళ్ళ తరబడి రాసుకున్న పుస్తకమనీ, ఇది వెన్నుపోటు అనీ, తన పేరు మీద ఇంకొకరి ఆడమనిషి ఊరేగుతోందనీ.

"మీ గడ్డి ఒక్క పోచ కూడా పీకలేదు మరిదిగారూ. చూసుకోండి, అంతా ఉంది."

"ఉంది. చూశాను."

"మరి?"

కోపం ఇంకా ఆయన ముఖంలో ఉందిగానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆ కుక్కని తీసుకుని ఎక్కడికెళ్ళిందావిడ?"

"నాకేం తెలుసు? మీ పడవరేవు వచ్చేలోపు పంపించెయ్యాలి కదా. అన్నదమ్ములు మాట్లాడుకోకపోవడానికి మీరు కంచె తగాదా పెట్టారు. కంచె కోసం ఎవడైనా అంతకాలం మూగనోము పడతాడా?"

ఆయన టోపీ తీసి కూర్చున్నారు.

ఆయన నిజాయితీపరుడు. క్లబ్బులో సన్మానం పెట్టి ఊరంతా కసిమీరాని పొగుడుతుంటే భరించలేక లేచి నిలబడి, ఆ పాత్ర తనది కాదనీ, ముందు వరుసలో కూర్చున్న వదినగారిదనీ ఒప్పుకున్నారు. హాలు నవ్వింది. తర్వాత చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ళ పట్ల ఎంత గౌరవం అని రమోనా కళ్ళు తుడుచుకుంది. ఆయన ఎతెల్వీనా వైపు దీనంగా చూశారు, మీరైనా చెప్పండన్నట్టు. ఆవిడ పేకాటనాటి ముఖంతో లేచింది.

"మా మరిదికి వినయం ఎక్కువ," అంది. "చిన్నప్పట్నించీ అంతే."

ఆవిడకి ఆయన చిన్నతనం తెలిసే అవకాశమే లేదు. అయినా ఎవరూ అడగలేదు.

రెండో నవలకి ఆయన ఆవిడ చేత మాట తీసుకున్నారు. టైపు తప్ప ఇంకేమీ ముట్టుకోకూడదు. నడిమి భాగం ప్రతి ఆదివారం ఆవిడకి చదివి వినిపిస్తారు, అంతే. ఆవిడ అల్లిక పట్టుకుని కూర్చునేది. సూదులు ఆడుతున్నాయంటే వింటున్నది చేతుల్ని ఆపేంత పట్టుగా లేదన్నమాట. ఆయన ఆ పేజీ కొట్టేసి తిరగరాసేవారు. ఆ చలికాలం ఎతెల్వీనా కుటుంబంలో అందరికీ స్వెట్టర్లు అల్లేసింది.

వసంతంలో ఒక ఆదివారం, కథ సగానికి రాగానే, ఆయన అందులోని పడవ సరంగుని చంపేశారు. ఆవిడకి బాగా నచ్చినవాడు. ముందు సూచనైనా లేదు. మామూలుగా ఉల్లిపాయల బస్తా దించుతూ కూలిపోయాడు. సూదులు ఆగిపోయాయి. ఎతెల్వీనా అల్లిక సంచిలో పెట్టుకుని, చుట్ట ఆర్పి, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా ఇంటికి వెళ్ళిపోయింది. వారమంతా చెల్లెలింటి గడప తొక్కలేదు. పొద్దున్నే రొట్టెల దుకాణం దగ్గర ఎదురైతే మరిదిగారి పలకరింపుకి తల తిప్పేసుకుంది.

ఆ వారమంతా ఫెర్మీన్ గారు ఈల వేసుకుంటూ స్కూలుకి వెళ్ళారు.