రెండు గీతల నడుమ వాన

…అయినా, తనకు కనపడటం లేదన్న సంగతి మనిషికి ఎలా తెలుస్తుంది? పొద్దుగూకితే తెలుస్తుంది, ఎందుకంటే చీకటి అందరికీ ఒకేసారి పడుతుంది. ఒక్కడి కంట్లోనే రోజుకో వెంట్రుకవాసి పొర పేరుకుంటూ పోతే, లోకం కాస్త మాసినట్టు అనిపిస్తుందే తప్ప కన్ను మాసిందని తోచదు. ఈ ఆలోచన నాకు కొత్తది కాదు. రెండేళ్లుగా, రోజూ పని అయ్యాక బీరువాలో గుడ్డ మీద బోర్లించి ఉన్నంతసేపూ దీన్నే తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. బోర్లించిన వస్తువుకి వేరే పనేముంటుంది?

నేను ఒక గాజు గ్లాసుని. నీళ్లు తాగే గ్లాసుని కాదు, వాన కొలిచే గ్లాసుని. జానెడు పొడవు, సన్నని ఒళ్లు, ఒంటి నిండా అడ్డగీతలు. ఒక్కో చిన్న గీత మిల్లీమీటరులో పదో వంతు. అనంతపురం జిల్లాలో ఒక మండలాఫీసు ఆవరణలో, ఇనుపకంచె మధ్య ఒక గరాటు నాటి ఉంటుంది. దాని కింద సీసా. ఆ సీసాలో చేరిన నీళ్లని రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి నాలో పోసి చదవాలి. ఇదీ నా ఉద్యోగం.

‘చదవాలి’ అన్నాను గానీ, ఆ పని నాది కాదు. నా మీద అంకెలుంటాయి, నాలో నీళ్లుంటాయి, ఆ రెండూ కలిసేచోట నిజం ఉంటుంది. దాన్ని పైకి చెప్పే నోరు మాత్రం ఎవరో ఒక మనిషి అరువివ్వాలి.

నన్ను పుట్టించిన కార్ఖానా ఏ ఊరిదో తెలియదు. కొలిమి ముందు మనుషులు మాట్లాడుకున్న భాషని ఆ తర్వాత నేనెక్కడా వినలేదు. యాసిడ్‌తో నా మీద గీతలు చెక్కాక, ఒక ఆడమనిషి నల్లరంగు ముద్దని గుడ్డపేలికతో గీతల్లోకి అద్ది, మిగిలింది తుడిచేసింది. ఆమె వేలికి గీతలన్నీ ఒకేలా తగిలినట్టున్నాయి. ఎన్నో గీతని తుడుస్తోందో ఒక్కసారి కూడా చూడలేదు. తర్వాత గడ్డిలో చుట్టారు, చెక్కపెట్టెలో పెట్టారు. రెండు రైళ్లు, ఒక బస్సు టాపు. జీవితంలో నేను చేసిన ప్రయాణం అదొక్కటే, అదీ కళ్లకి గంతలు కట్టుకుని చేసినట్టే.

ఆ తర్వాత కదిలింది లేదు. కానీ కదలనివాడి దగ్గరికి లోకమే వస్తుందంటారే, అది నా విషయంలో కొంత నిజం. ఏ సముద్రం మీదో లేచిన నీరు కొండలు దాటి, సగం దారిలోనే కురిసిపోయి, అలిసిపోయి, చివరికి మిగిలిన నాలుగు చుక్కలు నా అడుగున చేరతాయి. ఈ సీమకి వచ్చేసరికి మేఘానికి కూడా జేబులు ఖాళీ అవుతాయి.

నా మొదటి యజమాని గుండూరావు గుమాస్తా. పెద్దమనిషి, కదిలితే ఆయాసం. తొమ్మిదేళ్లలో నన్ను బీరువాలోంచి తీసింది ఏ నాలుగుసార్లో, అవీ తనిఖీలు జరిగిన రోజులు. మిగతా రోజుల్లో, రాత్రి దుప్పటి కప్పుకోవాల్సి వచ్చిందా లేదా అన్నదాన్నిబట్టి అంకె వేసేవాడు. దుప్పటైతే పది మిల్లీమీటర్లు, దుప్పటితోపాటు ముడుచుకుని పడుకుంటే ఇరవై. ఆయన రాసిన వానలో సగం ఆకాశానికి తెలియని వాన. ఆయనకి మాత్రం ఏనాడూ అనుమానం రాలేదు. తప్పు చేస్తున్నానేమోనని భయపడేది జాగ్రత్తగా పనిచేసేవాళ్లే. ఇది మనుషుల్లో నాకు ఎప్పటికీ అర్థంకాని విడ్డూరం.

ఆయన తర్వాత నన్ను అందుకున్నవాడు అటెండరు మద్దిలేటి. ఇరవై రెండేళ్లయింది.

మొదటిరోజే అతను గొంతుక్కూచుని, నన్ను చదునురాయి మీద నిలబెట్టి, ఒక కన్ను మూసి, రెండో కంటిని నా గీతల ఎత్తుకి దించాడు. చదవడం అలాగే చదవాలి. నీళ్లు గాజు గోడని పట్టుకుని అంచుల్లో కాస్త పైకి ఎగబాకుతాయి, నడిమధ్య కుంగుతాయి. చదవాల్సింది ఎగబాకిన అంచుని కాదు, కుంగిన చోటుని. అంచు మెరుస్తుంది కాబట్టి కన్ను అక్కడికే పోతుంది. కుంగినచోటు సన్నగా, ఊపిరి బిగబట్టి చూస్తే తప్ప దొరకదు. మద్దిలేటి ఊపిరి బిగబట్టేవాడు. అది నా గోడకి తెలిసేది.

ఊళ్లో అతనికి ‘వాన మద్దిలేటి’ అని పేరు పడింది. ఇరవై రెండేళ్లలో అతనికి దొరికిన బిరుదు అదొక్కటే. వాన లేని రోజు కూడా వచ్చి, కంచె తాళం తీసి, ఖాళీ సీసాని నాలోకి వంచి, లేని నీళ్లని కళ్లారా చూసి, సున్నా రాసేవాడు. కంచె అవతల దారిన పోతూ చెనక్కాయ, అంటే వేరుశనగ, వేసే రైతు ఓబులేసు ఆగేవాడు. ఇద్దరూ ఒకే బడిలో ఐదోక్లాసు తప్పినవాళ్లు.

“ఏమప్పా మద్దిలేటీ, ఈపొద్దు ఎండ ఎన్ని మిల్లీమీటర్లు పడిందీ?”

“నీ నోట్లో మన్నుపడ, పొద్దున్నే మొదలుపెట్టినావా?”

“ల్యాకపోతే ఏందప్పా! ఉత్త సీసాని అట్ల వంచి వంచి చూస్తాండావే, దాంట్లో ఏమన్నా మందు దాచిపెట్టినావా?”

మద్దిలేటి నవ్వేవాడు కాదు. సున్నా కూడా ఒక అంకే అని అతని నమ్మకం.

మద్దిలేటి కంట్లో పొర ఎప్పుడు మొదలైందో నేనూ చెప్పలేను. నాకు తెలిసిందల్లా, ఒక ఏడు అతను నన్ను రాయి మీంచి తీసి తూర్పుకి ఎత్తి చూడటం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు పడమరకి. వెలుగు సరిగ్గా లేదనేవాడు. దుమ్ము అనేవాడు. మండలం గణాంకాల అధికారిణి నఫీసా మేడమ్ ఒకసారి అననే అంది:

“మద్దిలేటన్నా, ఒకసారి కండ్లు చూపించుకోరాదా?”

“కండ్లకేమైంది మేడమ్? గ్లాసే మాసిపోయుండాది.”

ఆ సాయంత్రం చింతపండు, బూడిద కలిపి నన్ను తోమాడు. వారం తర్వాత మళ్లీ. ప్రేమగానే తోమాడు. ఎంత ప్రేమగా అంటే, ఎప్పుడో ఒకామె గీతల్లో అద్దిన నల్లరంగు ముక్కలు ముక్కలుగా ఊడిపోయింది. కనపడటం లేదని తోమాడు, తోమినకొద్దీ ఇంకా కనపడకుండా పోయాను. తన లోపాన్ని ఎదుటి వస్తువులో వెతికి, అక్కడ దొరికేదాకా గీకడం మనుషుల పాత అలవాటు. నేను అడ్డం చెప్పలేదు. ఎలా చెబుతాను?

అతను అబద్ధాలు రాయలేదు. ఆ మాట గట్టిగా చెప్పాలి. గుండూరావులాగా ఊహించి రాయలేదు. కనపడినదే రాశాడు. కాకపోతే అతనికి కనపడేది ఒక్క అంచే. వెలుగు తగిలి మెరిసే ఆ పై అంచు. దాంతో ప్రతి వానా రెండు మూడు గీతలు పెరిగింది. పద్దెనిమిది మిల్లీమీటర్ల వాన పద్దెనిమిదీ పాయింట్ మూడు అయితే ఎవరికి నొప్పి? ఎవరికీ లేదు. అలా ఎవరికీ నొప్పి లేకుండానే రెండేళ్లు గడిచాయి. ఇంకో పద్నాలుగు నెలలు గడిస్తే అతని రిటైర్మెంటు.

ఈ ఏడు శ్రావణంలో చెనక్కాయ ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టే సమయానికి వాన నిలిచిపోయింది. ఈసారి పెట్టిన నిబంధన ఊరందరికీ నోటికొచ్చు: వరసగా ఇరవయ్యొక్క రోజులు, ఏ రోజూ వాన రెండున్నర మిల్లీమీటర్లకి చేరకపోతే బెట్ట కింద లెక్క. మండలానికి కరువు సాయం వస్తుంది. మధ్యలో ఒక్కరోజు రెండున్నర పడినా మళ్లీ ఒకటి నుంచి మొదలు. పద్దెనిమిది సున్నాలు పడ్డాయి. పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున నాలుగు చినుకులు రాలాయి.

ఎనిమిదిన్నరకి మద్దిలేటి కంచె తాళం తీశాడు. ఓబులేసు అప్పటికే వచ్చి ఉన్నాడు. ఎగతాళికి రాలేదు. కంచె తీగని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

సీసా నాలోకి వంగింది. నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలియడానికి నాకు కళ్లతో పనిలేదు. ఎంతవరకు చల్లబడితే అంత. ఇరవై మూడో గీత దగ్గర చల్లదనం ఆగింది. రెండు పాయింట్ మూడు. ఆ పైన గోడ పొడిగా, వెచ్చగానే ఉంది, నీళ్ల అంచు పాకిన ఆ మూడు గీతలమేర తప్ప.

మద్దిలేటి నన్ను తూర్పుకి ఎత్తాడు.

“ఎంతప్పా?” అన్నాడు ఓబులేసు.

“రెండు పాయింట్ ఆరు.”

కాదు, అన్నాను నేను. గాజు ఎంత గట్టిగా అరిచినా బయటికి నిశ్శబ్దమే వస్తుంది.

ఓబులేసు కాలి బొటనవేలితో నేలని గీరాడు. పైన గోరంత తడి, కింద తెల్లటి దుమ్ము.

“మన్ను తడవనే ల్యా గదప్పా.”

“నేనేం జేసేది ఓబులేసూ? గ్లాసులో ఉండేది చెప్పినా.”

“నిన్ను తక్కువ రాయమంటాండానా? ఉండాదంటే ఉండాది. నువ్వు చదివినాక ఇంగ మాట ల్యా.” తీగ వదిలాడు. “అది కాదప్పా, ఆ వానదేవుడు నా నాలుగెకరాలు ఇడిసిపెట్టి, వెతికి వెతికి నీ సీసాలో పోసిపోయినాడే!” అని నవ్వి, చేనున్న వైపుకి కాకుండా రోడ్డు వైపుకి నడిచాడు.

అతను పోట్లాడి ఉంటే బాగుండేది. ఎదుటివాడు పోట్లాడితే మనిషి తన మాటని కాపాడుకోవడానికి గట్టిగా పట్టుకుంటాడు. నమ్మి వెళ్లిపోయినప్పుడే ఆ మాట చేతిలో ఒంటరిగా మిగిలి బరువెక్కుతుంది.

చదివాక నీళ్లు పారబోయాలి. అది పద్ధతి. మద్దిలేటి రిజిస్టరులో అంకె వేసి నన్ను వంచాడు. నీళ్లు నా పెదవిదాకా వచ్చాయి. ఇంకొక్క వేలెడు వంచితే అయిపోతుంది. నేలలో ఇంకిపోయిన నీళ్లని ఏ అధికారీ, ఏ దేవుడూ తిరిగి చదవలేరు. నాకు భయమనేది ఉంటుందని అప్పుడే తెలిసింది. చేయగలిగిందేమీ లేని భయం అది.

అతను ఆగాడు. ఎందుకు ఆగాడో నేను చెప్పలేను. మనస్సాక్షి అనడం తేలిక. నాకైతే, ఓబులేసు బొటనవేలు గీరిన తెల్లటి గీత అతనికి కనపడిందేమో అనిపించింది. అది పెద్ద గీత. ఆ కంటికి కూడా ఆనుతుంది.

నన్ను నిలబెట్టి మళ్లీ చదివాడు. ఆరు. పడమరకి తిరిగి చదివాడు. నాలుగు. ఎడమకన్ను మూసి చదివాడు. అంకె లేదు, గీత లేదు, పాలు కలిపినట్టు ఒక తెలుపు. అదే వాన, అదే గ్లాసు, మూడు జవాబులు. అతని ఊపిరి నా గోడ మీద ఆవిరి పట్టింది. దాన్ని చొక్కా అంచుతో తుడిచి, నావైపు కాక, తన వేలిని కంటి ముందుకి తెచ్చుకుని చూశాడు. అదీ మసకగానే ఆనినట్టుంది.

అప్పుడు అతన్ని పట్టుకున్న ప్రశ్న ఇవాళ్టి అంకె గురించి కాదు. ఇవాళ్టి అంకె దిద్దడం ఎంతసేపు! ఈరోజు కనపడలేదని ఒప్పుకుంటే, నిన్న కనపడిందా అని అడుగుతారు. మొన్న? పోయినేడు? ఆ ప్రశ్నకి జవాబు దాచుకున్నవాడైతే బయటపెట్టేవాడు. అతని దగ్గర జవాబే లేదు.

తొమ్మిదికి పది నిమిషాలు. తొమ్మిదికి జిల్లాకి అంకె ఫోన్లో వెళ్లిపోతుంది. మద్దిలేటి నన్ను రెండు చేతుల్లోనూ పట్టుకుని, నిండుకుండ మోసే కొత్తకోడలిలా అడుగులో అడుగేసుకుంటూ ఆవరణ దాటాడు. మూడు మెట్లు. గడప. ఒక్క చుక్క ఒలకలేదు.

నఫీసా మేడమ్ ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చుంది. “ఎంతన్నా?”

అతను బల్ల మీది ఫైళ్లు పక్కకి జరిపి నన్ను చదునుగా నిలబెట్టాడు. కిటికీ వెలుగుకి తాను అడ్డం ఉన్నానని తెలిసి పక్కకి జరిగాడు.

“మీరే చదవండి మేడమ్. నాకు కనపడల్యా.”

ఆమె కుర్చీ వెనక్కి జరిపి, మోకాళ్ల మీద కూర్చుని, కంటిని నా గీతల ఎత్తుకి దించింది. ఊపిరి బిగబట్టింది.

“రెండు పాయింట్ మూడు,” అంది. మళ్లీ చూసి, “మూడే” అంది. లేచి నిలబడింది. గొంతు తగ్గించి, “ఏనాటి నుంచన్నా?” అంది.

మద్దిలేటి రిజిస్టరు తెరిచి పేజీ వెనక్కి తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. ఇంకొకటి. అన్నీ తన చేతిరాతే, కొట్టివేత లేని గుండ్రటి అంకెలు. వేలు ఒక తేదీ మీదినుంచి ఇంకో తేదీ మీదికి పోతోంది, ఎక్కడా ఆగడం లేదు. నేను చెప్పగలిగి ఉంటే చెప్పేదాన్నా? అదీ తెలియదు. ఏ వాన కూడా నాలో ఒక పూట మించి నిలవలేదు.

చివరికి ఇవాళ్టి పేజీకి, తాను వేసిన రెండు పాయింట్ ఆరు దగ్గరికి వచ్చాడు. జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, ఆమె చేతికిచ్చాడు.